పెడర్నాలెస్ ఒడ్డున జోడియాక్ ఎక్కడ?

అమెరికాలోనే పుట్టిన మతశాఖవాళ్ళయిన మోర్మన్లు అనగానే ఎవరికైనా యూటా రాష్ట్రం గుర్తొస్తుంది. నాకూ అంతే. మిసిసిపీకి పడమట మోర్మన్లు కట్టుకున్న మొట్టమొదటి ఆలయం యూటాలో కాదు, మేముంటున్న ఆస్టిన్‌కు గంటన్నర ప్రయాణంలో ఉండేదని టెక్సాస్‌లో స్థిరపడ్డ చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. 1849లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర, పెడర్నాలెస్ నది ఒడ్డున, జోడియాక్ అనే చిన్న ఊళ్ళో దాన్ని కట్టారు. యూటాలో తొలి ఆలయం సెయింట్ జార్జ్‌లో పూర్తయ్యేసరికి 1877 వచ్చింది. అప్పటికి జోడియాక్‌లో ఆలయం సంగతి అటుంచి, ఊరే లేదు.

ఏప్రిల్‌లో బ్లూబానెట్ పూలకు, వేసవిలో పీచ్ పళ్ళకు ఆస్టిన్ తెలుగువాళ్ళం పిల్లాపాపలతో కార్లలో బయల్దేరి పోయే దారి అది. ద్రాక్షతోటలు, పళ్ళ దుకాణాలు, పశువుల కంచెలు తప్ప ఆ దారిలో మరేదీ కంట పడదు. ఈ చుట్టుపక్కల ఎక్కడో మోర్మన్లు ఉండేవారని చెప్పేవాళ్ళు దొరికారు గానీ, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించేవాళ్ళు నాకు తగల్లేదు. చరిత్రకారులు ఈ ఊరి గురించి బాగానే రాశారు కాబట్టి నేను కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. పాత కాగితాలు చేత పట్టుకుని ఆ చోటికి నా అంతట నేను చేరగలనా అన్నదే నా పంతం.

ముందు కథ క్లుప్తంగా చెప్పాలి. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన మతం ఇది. 1844 జూన్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైలులో ఉండగా ఒక మూక దాడి చేసి ఆయనను చంపేసింది. అనుచరుల్లో ఎక్కువమంది బ్రిగమ్ యంగ్ వెంట నడిచి 1847లో సాల్ట్ లేక్ లోయ చేరారు. ఈ సంఘం పెద్దలైన పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకడైన లైమన్ వైట్ మాత్రం ససేమిరా అన్నాడు. టెక్సాస్‌కు వెళ్ళి ఊరు కట్టమని స్మిత్ బతికి ఉండగానే తనకు పని అప్పగించాడని, దాన్ని రద్దు చేసే అధికారం యంగ్‌కు లేదని ఆయన వాదన. విస్కాన్సిన్ అడవుల్లో ఆలయం కోసం కలప కొడుతున్న తన మనుషులను 1845లో బయల్దేరదీశాడు. మిసిసిపీ మీద పడవల్లో కొంత దూరం, బండ్ల మీద కొంత దూరం వచ్చి, ఆ నవంబరులో రెడ్ రివర్ దాటి టెక్సాస్‌లో అడుగుపెట్టారు. 1846లో ఆస్టిన్ దగ్గర కొలరాడో నది మీద పిండిమర కట్టుకుంటే వరద కొట్టుకుపోయింది. 1847లో పెడర్నాలెస్‌కు వచ్చి జోడియాక్ కట్టారు. అక్కడా వరదలే. 1851లో ఆ ఊరు వదిలి బర్నెట్ దగ్గరి హ్యామిల్టన్ క్రీక్‌కు, 1854లో బాండెరాకు, అక్కడి నుంచి మెడీనా నది మీద మౌంటెన్ వ్యాలీకి మారారు. ఎక్కడికి పోయినా నీటి ఒడ్డే కావాలి వాళ్ళకు, ఎందుకంటే మర తిరిగితేనే వాళ్ళ బతుకు.

జోడియాక్ ఎక్కడ అంటే ఏ పుస్తకమైనా చెప్పేది ఒకటే: ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు నాలుగు మైళ్ళు. కొందరు తూర్పు అంటారు, కొందరు ఆగ్నేయం అంటారు. ఈ నాలుగు మైళ్ళు నన్ను చాలా విసిగించాయి. నాలుగు మైళ్ళు ఎక్కడి నుంచి? ఫ్రెడరిక్స్‌బర్గ్ కట్టుకున్న జర్మన్ వలసదారులు తమ బజారు నుంచి లెక్కపెడతారు. ఊరికి రెండు మైళ్ళ అవతల 1848 డిసెంబరులో ఫోర్ట్ మార్టిన్ స్కాట్ కట్టుకున్న సైనికులు తమ కోట నుంచి లెక్కపెడతారు. మైళ్ళన్నవి బండి నడిచిన దారిలోనా, కాకి ఎగిరిన దారిలోనా? అప్పటి బండిబాట ఇప్పటి హైవే 290 మీదుగా పోయిందనుకోవడానికి లేదు. పైగా ఎక్కడికి నాలుగు మైళ్ళు? మరకా, ఆలయానికా, శ్మశానానికా? వరద భయం ఉన్న నది పక్కన ఈ మూడింటినీ ఒకేచోట పెట్టేంత తెలివితక్కువ పని ఎవరూ చేయరు. కాబట్టి నేను వెతకాల్సింది ఒక చుక్క కాదని, నది పొడవునా పరుచుకున్న ఒక పట్టీ అని మొదటే తేల్చుకున్నాను.

భక్తితో రాసిన కాగితాలు ఎన్ని చదివినా ఆ ఊరు ఎంత పవిత్రమో తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. వైట్ 1848లో ఆస్టిన్‌లో తన జీవితకథను చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. దాని నిండా తన మీద దేవుడు, స్మిత్ పెట్టిన బాధ్యతల గొడవే. 1848లో యంగ్ తరఫున ప్రెస్టన్ థామస్, విలియం మార్టిండేల్ అనే ఇద్దరు దూతలు వచ్చి యూటాకు రమ్మని బతిమాలితే ఆయన కదల్లేదు. అప్పటి ఉత్తరాల్లోనూ సిద్ధాంత చర్చే. చివరికి సంఘం ఆయనను వెలివేసింది. ఊరి ఆచూకీ కావాలంటే పన్ను కోసం, భూమి కోసం, పదవి కోసం రాసుకున్న కాగితాలను పట్టుకోవాలి. ఈ మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా తాతగారు కరణం. చింతచెట్టు, వాగు, ఫలానావారి మెరక అంటూ హద్దులు రాసిన దప్తరాల మధ్య పెరిగినవాడిని కాబట్టి, దస్తావేజులో ఒక్క ముక్క ఎంత దూరం తీసుకుపోతుందో నాకు తెలుసు.

ఆ నమ్మకంతో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోని గిలెస్పీ కౌంటీ కార్యాలయానికి వెళ్ళాను. పాత దస్తావేజుల పుస్తకాలంటే ఒక్కొక్కటీ పొట్టి బల్లంత ఉంటుంది. మందపాటి గుడ్డ అట్ట, ఇనుప అరల్లో పడుకోబెట్టి ఉంటాయి. బయటికి లాగుతుంటే అర కింద చిన్న చక్రాలు గరగరమంటాయి. లోపల సిరా గోధుమరంగుకు తిరిగి, అక్షరాలు కుడివైపు ఒరిగి ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు ఉంటాయి. రాసినవాడు జర్మన్ అయితే ఇంగ్లిషు పేర్లకు కూడా జర్మన్ నడకే వచ్చేస్తుంది. నది పేరుకే ఎన్ని రూపాలో! ఇక్కడివాళ్ళు నోటితో పర్డినాలెస్ అంటారు కాబట్టి రాతలోనూ అలాగే దిగిపోయింది.

అయితే నాకు కావలసిన ఏళ్ళే అక్కడ లేవు. కౌంటీ 1848లో ఏర్పడింది. దానికి గుమాస్తాగా ఉన్న జాన్ హంటర్ ఊళ్ళో దుకాణం నడుపుతూ, కౌంటీ కాగితాలను కూడా ఆ దుకాణంలోనే పెట్టుకునేవాడు. 1850 వేసవిలో విస్కీ దగ్గర ఒక సైనికుడితో గొడవ ముదిరి హంటర్ అతణ్ణి కత్తితో పొడిచాడు. కోట నుంచి సైనికులు వచ్చి దుకాణం తగలబెట్టారు. దానితోపాటు కౌంటీ రికార్డులన్నీ బూడిదయ్యాయి. జోడియాక్ మంచి దశలో ఉన్న సంవత్సరాల కాగితాలు అవే. ఒక సీసా విస్కీ కోసం జరిగిన రభసలో ఒక ఊరి ఆచూకీ పోయిందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మిగిలిన కాగితాల్లో వైట్ కనిపించేది భక్తుడిగా కాదు, పదవి కోసం పట్టుబట్టినవాడిగా. 1850లో ఆయన గిలెస్పీ కౌంటీ ప్రధాన న్యాయాధికారి పదవికి పోటీచేసి, యోహాన్ యోస్ట్ క్లింగెల్‌హోఫర్ అనే జర్మన్ చేతిలో ఓడిపోయాడు. ఊరుకోలేదు. గెలిచినవాడు ఇంకా అమెరికా పౌరుడు కాలేదని అభ్యంతరం పెట్టి, వాదించి, పదవి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక కోర్టు సమావేశాలకు రావడం మానేశాడు! చివరికి పదవి ఖాళీ అయినట్టు ప్రకటించి మళ్ళీ క్లింగెల్‌హోఫర్‌కే ఇచ్చారు. ఈ పేచీలో నాకు పనికొచ్చింది ఒక్కటే. 1850 నాటికి జోడియాక్ ఈ కౌంటీ సరిహద్దుల్లోనే, ఇక్కడి ఓటర్ల లెక్కలోనే ఉంది. పొరుగు కౌంటీల్లోకి పోయి వెతకాల్సిన పని తప్పింది.

తర్వాత పట్టుకున్నది 1850 జనగణన. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాసుకున్న మొదటి అమెరికా జనగణన అది. అంతకుముందు ఇంటి యజమాని పేరు, మిగిలినవాళ్ళ తలల లెక్క మాత్రమే ఉండేవి. ఈ కాగితాల ఫోటోలను ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడవచ్చు. ఫ్యామిలీ సెర్చ్ అనే ఆ వంశవృక్షాల భండారాన్ని నడిపేది యూటా మోర్మన్ సంఘమే. తాము వెలివేసిన మనిషి ఇంటి లెక్కను కూడా వాళ్ళే భద్రంగా దాచి నాలాంటి పరాయివాడికి చూపిస్తున్నారు. అందుకు వాళ్ళకు దండం పెట్టాలి.

సూచికలో పేరు కొట్టి వెతికితే పని అయ్యేది కాదు. వైట్ ఇంటిపేరును ఇంగ్లిషులో రకరకాలుగా రాయవచ్చు, చదివినవాళ్ళు ఇంకా రకరకాలుగా చదివారు. అందుకని పేర్లు వదిలేసి పుట్టినచోటు గడిని పట్టుకున్నాను. గిలెస్పీ కౌంటీ పుటలు తిప్పుతుంటే ఆ గడిలో జర్మన్ రాజ్యాలు వరసగా వస్తాయి: ప్రష్యా, నసావు, హనోవర్. వాటి మధ్య హఠాత్తుగా న్యూయార్క్, ఒహాయో మొదలైన అమెరికా రాష్ట్రాలు గుంపుగా వచ్చాయంటే అక్కడ ఆగాలి. వాళ్ళంతా సైనికులైతే వయసులు ఇరవై, ముప్పై మధ్య ఉంటాయి, ఆడవాళ్ళు, పిల్లలు ఉండరు. కుటుంబాలు కుటుంబాలుగా ఉంటే మోర్మన్లు. ఇల్లు తిరిగిన వరసలోనే ఇంటి నంబరు పడుతుంది కాబట్టి, ఆ గుంపుకు ముందూ వెనకా ఉన్న జర్మన్ కుటుంబాల పేర్లు రాసుకున్నాను. ఆ పొరుగువాళ్ళు నాకు వైట్ కంటే ఎక్కువ అక్కరకొచ్చారు. ఎందుకంటే జోడియాక్‌లో ఆస్తి ఉమ్మడి. పొలం, మర, పశువులు అందరివీ. ఇలాంటి ఊళ్ళో ఒక్కొక్కరి పేరున పట్టా వెతికితే చేతికి వచ్చేది తక్కువ. పొరుగు జర్మన్‌కు మాత్రం తన పొలం తనదే, దాని హద్దులూ ఖచ్చితంగా కాగితం మీద ఉంటాయి.

ఆ పేర్ల జాబితాతో ఆస్టిన్‌లోని టెక్సాస్ జనరల్ ల్యాండ్ ఆఫీసుకు చేరాను. అమెరికాలో పడమటి రాష్ట్రాల్లో ఇలాంటి ఊరు వెతికేవాళ్ళకు ఒక సుఖం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం చదరంగపు గళ్ళలా భూమిని ఆరేసి మైళ్ళ చతురస్రాలుగా కొలిచిపెట్టింది. ఏ గడిలో ఏ ఇల్లు, ఏ కాలువ కనిపించాయో సర్వేయరు రాసిపెట్టాడు. టెక్సాస్‌లో ఆ సుఖం లేదు. 1845లో అమెరికాలో చేరేటప్పుడు తన బంజరు భూములను తన దగ్గరే ఉంచుకుంది కాబట్టి, ఇక్కడి కొలతలు స్పెయిన్, మెక్సికో కాలం నాటి పద్ధతిలోనే సాగాయి. కొలమానం వారా. ఒక వారా అంటే 33 అంగుళాల పైన మూడోవంతు, మన గజానికి కాస్త తక్కువ. పొలాలకు సమాన ఆకారాలు ఉండవు. వంకరటింకరగా ఒకదానికొకటి అతుక్కుని, పటం చూస్తే పగిలిన పెంకులు పేర్చినట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గిలెస్పీ కౌంటీ 1848లో బెక్సర్, ట్రావిస్ కౌంటీల ముక్కలతో ఏర్పడింది. అంతకు ముందటి భూమి కాగితాలు పాత కౌంటీల పేర్ల కింద ఉంటాయి. గిలెస్పీ అని అడిగితే గిలెస్పీయే ఇస్తారు. బెక్సర్ అని అడగాలన్న సంగతి తెలిసి వెళ్ళాలి. అక్కడి చదువుకునే గదిలో ఉన్నవాళ్ళు ఓపిగ్గా సాయం చేశారు. మనకు కావలసింది మనకు తెలిస్తే వాళ్ళు వెంటనే తెచ్చి పెడతారు.

సర్వేయర్ల క్షేత్ర వివరాలు చదవడం ఒక అలవాటు కావాలి. ధోరణి ఇలా ఉంటుంది: నది ఒడ్డున మేకు పాతాము. అక్కడి నుంచి పది అంగుళాల పీకన్ చెట్టు ఉత్తరానికి ఇన్ని డిగ్రీలు తూర్పుగా, ఇన్ని వారాల దూరం. అక్కడి నుంచి నది మెలికల వెంట దిగువకు ఇంత. చెట్టు ఎప్పుడో పోయింది, మేకు సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలేది నది మెలికలే. ప్రతి మలుపు దగ్గరా దిక్కు, దూరం రాసి ఉంటాయి. వాటిని ఒకదాని కొనకు ఒకటి కలిపి గీస్తే పాత నది ఆకారం కాగితం మీద లేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అప్పటి దిక్కులు దిక్సూచి చూపినవి. అయస్కాంతపు ఉత్తరం అప్పటికీ ఇప్పటికీ చాలా జరిగింది. సర్వేయరు తన దిక్సూచి ఎంత పక్కకు చూపుతుందో రాసిపెట్టి ఉంటాడు. దాన్ని సరిచేయకుండా ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే పొలాలన్నీ గిర్రున తిరిగి పొరుగువాడి మీద పడతాయి.

ఉద్యోగరీత్యా నాకు కంప్యూటర్‌లో పటాలతో పని అలవాటే. పొరలు పొరలుగా పేర్చాను. అడుగున ఇప్పటి నది. దాని మీద సర్వే ముక్కలు. దాని మీద జర్మన్ల పదెకరాల చెక్కలు. ఈ పదెకరాల సంగతి చెప్పాలి. 1846 మేలో ఫ్రెడరిక్స్‌బర్గ్ స్థాపించినప్పుడు జర్మన్ల వలస సంఘం, వచ్చిన ప్రతి కుటుంబానికీ ఊళ్ళో ఒక ఇంటి స్థలం, ఊరి బయట పదెకరాల పొలం ఇచ్చింది. పటం మీద ఆ చిన్న చెక్కలు ఊరి చుట్టూ దట్టంగా కనిపిస్తాయి. తర్వాతి ఏడాది వచ్చిన మోర్మన్లకు ఆ చెక్కల మధ్య నూటయాభైమంది దాకా ఉండే ఊరు కట్టే చోటు ఉండదు. అంటే చెక్కల పట్టీ ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి అవతలే వెతకాలి. ఇటువైపు సగం పటం కొట్టేశాను. నాకు కాగితాల వల్ల కలిగిన సంతోషాల్లో పెద్దది ఇదే. ఏ కాగితమూ జోడియాక్ అన్న పేరు కూడా ఎత్తకుండానే జోడియాక్ ఎక్కడ లేదో చెప్పింది.

మిగిలిన సగంలో మర లెక్క పనికొచ్చింది. నీటిమరకు పారే నది ఉంటే చాలదు, నీరు దూకాలి. కొన్ని గజాల్లోనే మట్టం చెప్పుకోదగ్గంత పడాలి, లేదా అడ్డుకట్ట వేసి పక్కకు కాలువ తీయడానికి ఒడ్డు అనుకూలించాలి. అడుగున సున్నపురాయి మెట్లుగా ఉన్న చోట ఇది సులువు, ఇసుక పరచుకున్న చోట సాధ్యం కాదు. పక్కనే మొక్కజొన్నకు మెత్తటి పల్లపు నేల, ఇళ్ళకు వరద అందని మెరక, కొయ్య తోలుకురావడానికి బండిబాట కావాలి. కోటకు, జర్మన్లకు పిండి, చెక్క పలకలు అమ్ముకునేవాళ్ళు కాబట్టి బండి పోలేని చోట ఊరు కట్టరు. సమోన్నత రేఖల పటం ముందేసుకుని బారన్స్ క్రీక్ పెడర్నాలెస్‌లో కలిసే చోటు నుంచి ఎగువకూ దిగువకూ వెతికితే, ఇవన్నీ కుదిరే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే తేలాయి.

ఈ మర గురించి ఒక వింత కథ ఉంది. చెప్పినవాడు నోవా స్మిత్‌విక్. 1853లో హ్యామిల్టన్ క్రీక్ దగ్గర మోర్మన్ల మరను కొన్నది ఆయనే. ముసలితనంలో చూపు పోయాక కూతురికి చెప్పి రాయించిన జ్ఞాపకాల్లో ఇది వస్తుంది. పెడర్నాలెస్ వరదలో మరరాళ్ళు ఎక్కడికో కొట్టుకుపోయాయట. కొత్తవి కొనే స్తోమత లేదు. వైట్ కొన్నాళ్ళు ఒంటరిగా ప్రార్థన చేసుకుని, ఒక ఉదయం తనకు దర్శనమైందని చెప్పి, పారలు, గునపాలతో జనాన్ని వెంటబెట్టుకుని నది వైపు నడిచాడట. వరద మేటవేసిన ఇసుక దిబ్బ మధ్యలో కర్ర గుచ్చి ఇక్కడ తవ్వండి అన్నాడట. కొన్ని అడుగులు తవ్వగానే రాళ్ళు బయటపడ్డాయట. స్మిత్‌విక్ దీన్ని కొంటెగానే చెబుతాడు. నాకైతే దర్శనం కంటే ముసలాయన నదీజ్ఞానం మీద నమ్మకం ఎక్కువ. జీవితమంతా మరలు కట్టినవాడికి, వరద బరువైన రాయిని ఎక్కడ దించుతుందో తెలియదా? కానీ వెతికేవాడికి ఈ కథలో రెండు ఆనవాళ్ళు ఉన్నాయి. మరకు దిగువన ఇసుక మేటవేసే మలుపు ఉంది. రెండోది, మరరాళ్ళు ఇక్కడ లేవు, జనంతోపాటు హ్యామిల్టన్ క్రీక్‌కు పోయాయి. లోహశోధక యంత్రాలు పట్టుకుని జోడియాక్‌లో మర సామాను తవ్వాలని చూసేవాళ్ళు ఈ కథ ఒకసారి చదువుకోవాలి.

బర్నెట్ వైపు పేరు ఇంకా బతికే ఉంది. మార్బుల్ ఫాల్స్ నుంచి వెళ్ళే ఒక రోడ్డును ఇప్పటికీ మోర్మన్ మిల్ రోడ్డు అంటారు. అక్కడ మూడేళ్ళు కూడా నిండా ఉండలేదు వాళ్ళు. ఎక్కువ కాలం ఉన్న పెడర్నాలెస్ ఒడ్డునేమో పేరు నిలవలేదు. మర చేతులు మారి తిరుగుతూ ఉంటే పేరు ఉంటుంది, తిరగడం ఆగిపోతే పోతుంది అనుకుంటాను.

ఇక నేల మీదికి దిగాలి. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా సొంతదారులదే. కంచె స్తంభాలకు, చెట్లకు ఊదారంగు పట్టీలు పూసి ఉంటే లోపలికి రావద్దని చట్టబద్ధమైన హెచ్చరిక. బోర్డు కూడా అక్కర్లేదు. నది అడుగు మాత్రం వేరు. సగటున 30 అడుగుల వెడల్పున్న ప్రవాహాల అడుగు ప్రజలదని చట్టం. పడవ వేసుకుని పోవచ్చు, నీళ్ళలో నడవవచ్చు. ఒడ్డెక్కితే మాత్రం పరాయి నేల. నేను చిన్న ప్లాస్టిక్ పడవ ఒకటి అద్దెకు తెచ్చుకుని, రోడ్డు దాటే రేవు దగ్గర దిగి, ఎంచిపెట్టుకున్న చోట్లను నీటి మీద నుంచే చూసుకుంటూ పోయాను. సగం దూరం పడవ నన్ను మోసింది, సగం దూరం నేను పడవను మోశాను. ఆగస్టులో ఆ నదిలో చీలమండ లోతు నీళ్ళుంటే గొప్ప. అదే నది ఒక్క రాత్రిలో ఇళ్ళెత్తు లేవగలదని ఆ ఎండలో నమ్మబుద్ధి కాదు. కానీ 2025 జూలై 4న పక్క లోయలో గ్వాడలూప్ నది ఏం చేసిందో ఇక్కడ అందరికీ తెలుసు. వందకు పైగా ప్రాణాలు పోయాయి.

ఎంచుకున్న వాటిలో ఒకటి చూడగానే తీసేశాను. పటంలో మట్టం పడినట్టున్నా, అక్కడ అడుగంతా కదిలే గులకరాళ్ళే. మరోచోట మెరక బాగుంది గానీ ఒడ్డు నిలువుగా ఉండి బండి దిగే వీలు లేదు. ఇంకొకటి మాత్రం కాగితాల్లోంచి లేచి వచ్చినట్టు ఉంది. సున్నపురాయి గట్టు నదికి అడ్డంగా మెట్టులా పరుచుకుని, నీళ్ళు దాని మీంచి పలచగా జారుతున్నాయి. దిగువన మలుపు లోపలివైపు పెద్ద ఇసుక మేట. అవతల పీకన్ చెట్ల కింద చదునైన నేల. దానికి వెనుక మెల్లగా లేచి ఓక్ చెట్లున్న మెరక.

ఆ భూమి యజమాని ఎవరో కౌంటీ పన్ను జాబితాలో చూసి ఉత్తరం రాశాను. జవాబు వస్తుందనుకోలేదు, వచ్చింది. పెద్దాయన, జర్మన్ మూలాలవాడు, గేటు దగ్గరే నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

“మీరు మోర్మనా?” అని అడిగాడు.

“కాదండీ, హిందువుని.”

“మరి మీకెందుకీ శ్రమ?”

“ఎవరూ చూపించడం లేదు కాబట్టి” అన్నాను. నవ్వి గేటు తీశాడు.

నాతో పాటే నడిచాడు. ఒడ్డుకు సమాంతరంగా పొడుగ్గా ఒక పల్లం ఉంది. అది మరకు తీసిన కాలువేనని మనసు ఉబలాటపడుతుంది. వరద వదిలేసిన పాత పాయ కూడా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి మట్టి పొరలు చదివితే తేలుతుంది, అది పురావస్తు శాస్త్రజ్ఞుల పని, నా పని కాదు. నేను ఒక్క రాయి కూడా కదిలించలేదు. నాకు ఎక్కువ ఆసక్తి ఆ మెరక మీద. వైట్ 1858 మార్చి 31న, తన జనాన్ని మళ్ళీ ఉత్తరానికి తీసుకుపోతూ శాన్ ఆంటోనియో దగ్గర చనిపోయాడు. అప్పటికి జోడియాక్ వదిలి ఏడేళ్ళు. అయినా శవాన్ని తెచ్చి జోడియాక్ శ్మశానంలోనే పాతిపెట్టారు. అంటే ఊరు పోయినా శ్మశానానికి దారి, అక్కడ మట్టి వేసే చోటు మిగిలి ఉన్నాయి. వరద మరను కొట్టుకుపోయింది గానీ శ్మశానం దాకా రాలేదన్నమాట. ఎత్తైన నేల ఎక్కడుందో చూడమని ఇంతకంటే స్పష్టంగా ఏ కాగితం చెబుతుంది?

చోటు ఫలానా అని నేనిక్కడ రాయను. యజమాని అడిగింది అదొక్కటే. రాత్రిళ్ళు కంచె దూకి తవ్వేవాళ్ళ బాధ ఆ ప్రాంతంలో ఉంది. టెక్సాస్ చారిత్రక కమిషన్ కూడా పురావస్తు స్థలాల ఆచూకీని అందరికీ చూపించదు. ఆ కమిషన్‌కు కౌంటీల్లో శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటారు. భూయజమాని సరే అంటే వాళ్ళు వచ్చి ఉచితంగా చూసి, స్థలాన్ని నమోదు చేస్తారు. నమోదు చేసినంత మాత్రాన భూమి మీద హక్కు పోదని ఆయనకు చెప్పి, నా పటాల పొరలన్నీ అచ్చువేసి ఇచ్చాను. ప్రభుత్వం వాళ్ళు ఒకసారి గేటు దాటితే మళ్ళీ బయటికి పోరని ఆయన అనుమానం. మా ఊళ్ళో రైతులూ ఇదే మాట అనేవారు. పీకన్ కోతలు అయ్యాక ఆలోచిస్తానన్నాడు.

ఈలోగా నేను మౌంటెన్ వ్యాలీ మీద పడ్డాను. మోర్మన్లు చివరగా ఉన్న ఆ చోటు 1910ల మొదట్లో కట్టిన మెడీనా ఆనకట్ట నీళ్ళ కింద మునిగింది. ఇటీవలి కరువు ఏళ్ళలో ఆ జలాశయం అడుగంటింది. ఆ ఊరు కట్టినది 1854లో, బాండెరా కౌంటీ పుట్టింది 1856లో. మొదటి కాగితాలు బెక్సర్ కౌంటీ కిందే ఉండాలి. కాబట్టి ఈసారి వెతుకులాట శాన్ ఆంటోనియో కోర్టు అరల నుంచి మొదలుపెడుతున్నాను.